మెక్‌షేన్ బైబిలు పఠన పట్టిక: తేదీలు పక్కనబెట్టి వాడితే మంచి సాధనం

ఏడాది పాటు ఏ రోజు ఏ బైబిలు అధ్యాయాలు చదవాలో చెప్పే ఈ పట్టికను రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842 డిసెంబరు చివర్లో తన సంఘం చేతిలో పెట్టారు. అప్పటికి ఆయన స్కాట్లండులోని డండీ పట్టణంలో సెయింట్ పీటర్స్ సంఘానికి కాపరి, వయసు 29. కొత్త సంవత్సరం మొదటి రోజు నుంచి సంఘమంతా ఒకే రోజున ఒకే భాగాలు చదవాలన్నది ఆయన కోరిక. 1843 మార్చి 25న ఆయన కన్నుమూశారు. అంటే తన పట్టికను తానే మూడు నెలలు కూడా పాటించే వీలు కలగలేదు. పట్టిక మాత్రం బైబిలు అట్టలో మడిచి పెట్టుకునే కాగితంగానూ, ఫోనులో యాప్‌గానూ ఇప్పటికీ నడుస్తోంది. హక్కుల గొడవ లేదు కాబట్టి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, ఎవరైనా పంచుకోవచ్చు.

క్రమశిక్షణకు సాధనంగా దీన్ని తూచి చూస్తే అమరిక అద్భుతం. రోజుల లెక్క మాత్రం ప్రమాదకరం. అమరికను ఉంచుకుని, తేదీలతో కాస్త స్వేచ్ఛ తీసుకున్నవాళ్లకు ఇది ఏళ్ల తరబడి పనిచేస్తుంది. తేదీలకే కట్టుబడినవాళ్లను వసంతకాలం రాకముందే అప్పులపాలు చేస్తుంది.

ముందు నిర్మాణం చూద్దాం. రోజుకు నాలుగు వరుసలు. మొదటి రెండూ కుటుంబ ప్రార్థనలో అందరూ కలిసి చదవడానికి, తర్వాతి రెండూ ఏకాంతంలో ఎవరికి వారు చదువుకోవడానికి. జనవరి 1న ఆదికాండము 1, మత్తయి 1, ఎజ్రా 1, అపొస్తలుల కార్యములు 1 వస్తాయి. డిసెంబరు 31న రెండవ దినవృత్తాంతములు 36, ప్రకటన 22, మలాకీ 4, యోహాను 21తో ముగుస్తుంది. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు పూర్తవుతాయి.

వరుసల లోపలి లెక్క చాలామంది గమనించరు గానీ, ఈ పట్టికను తెలివిగా వాడుకోవడానికి తాళంచెవి అక్కడే ఉంది. మొదటి వరుస ఆదికాండము నుంచి రెండవ దినవృత్తాంతముల దాకా, 403 అధ్యాయాలు. మూడోది ఎజ్రా నుంచి మలాకీ దాకా, మధ్యలో కీర్తనలు వదిలేసి, 376. రెండో వరుసలో సువార్తలు నాలుగూ, ఆ తర్వాత కీర్తనలు, ఆపైన అపొస్తలుల కార్యములు మొదలుకొని ప్రకటన వరకు, 410. నాలుగో వరుసలోనూ అవే 410, కాకపోతే క్రమం వేరు: ముందు అపొస్తలుల కార్యముల నుంచి ప్రకటన వరకు, తర్వాత మత్తయి, మార్కు, కీర్తనలు, చివర లూకా, యోహాను. అన్నీ కలిపితే 1599 అధ్యాయాలు, రోజుకు సగటున నాలుగుకు కొంచెం పైన. అందుకే కొన్ని రోజుల్లో ఒక గడిలో రెండు మూడు చిన్న అధ్యాయాలు కలిసి కనిపిస్తాయి. 119వ కీర్తన లాంటివి మాత్రం ముక్కలుగా విడిపోయి కొన్ని రోజుల పాటు సాగుతాయి.

ఒకటీ మూడూ వరుసలు ఏడాదికి ఒక్కసారే. రెండూ నాలుగూ మళ్లీ వస్తాయి. ఈ ముక్క గుర్తుంచుకోండి, వెనకబడినప్పుడు దీంతో పని పడుతుంది.

ఈ పట్టికలో మొదటి మేలు, ఎంచుకునే పని తప్పించడం. పొద్దున్నే బైబిలు చేతిలోకి తీసుకుని "ఈ రోజు ఏం చదవాలి?" అని పేజీలు తిరగేసే అలవాటు చూడటానికి ఆత్మ నడిపింపులా ఉంటుంది. నిజానికి అది మనకు నచ్చిన పది పన్నెండు అధ్యాయాల చుట్టూ తిరగడంగా తేలుతుంది. 23వ కీర్తన, రోమా 8, యోహాను 15 వాడివాడి అరిగిపోతాయి. ఆమోసు, హగ్గయి పేజీలు అంటుకుపోయి ఉంటాయి. చదవాలా వద్దా, ఏం చదవాలి అన్న బేరసారాలకు ఆస్కారమే లేకపోతే మనసు సగం గొడవ మానేస్తుంది. ఆశానిగ్రహం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నా, రోజూ పొద్దున ఆ ఒక్క నిర్ణయాన్ని తప్పించే ఏర్పాటు వాటికన్నా ఎక్కువ పని చేస్తుంది. దేవభక్తి విషయంలో సాధకం చేసికొమ్మని పౌలు తిమోతికి రాసింది అప్పటి ఆటగాళ్లు, మల్లయోధులు వాడే మాటలతోనే. సాధకమంటే ఉత్సాహం వచ్చినప్పుడు చేసేది కాదు కదా.

రెండో మేలు, గట్టి భాగాలు ఒంటరిగా ఎదురు కాకపోవడం. ఆదికాండము నుంచి వరసగా చదువుకుంటూ పోయేవాళ్లు నిర్గమకాండము 25 దగ్గర గుడారపు కొలతల్లోకి దిగుతారు, లేవీయకాండములో మునిగిపోతారు. ఆ రోజుల్లో వాళ్ల ఆహారమంతా అదే. మెక్‌షేన్ పట్టికలో లేవీయకాండము మార్చి చివర మొదలై ఏప్రిల్ 23 దాకా సాగుతుంది. దాని పక్కనే రెండో వరుసలో కీర్తనలు మొదలవుతాయి, మూడో వరుసలో సామెతలు నడుస్తుంటాయి, నాలుగో వరుసలో పౌలు పత్రికలుంటాయి. బలుల గురించి చదివే వారంలోనే కొలొస్సయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం వస్తుంది. భోజనపానాలు, పండుగలు రాబోయేవాటి నీడ మాత్రమేననీ నిజ స్వరూపం క్రీస్తులో ఉందనీ ఆ అధ్యాయం చెబుతుంది. సంఖ్యాకాండములో ఇశ్రాయేలీయులు అరణ్యంలో తిరుగుతుండగా నాలుగో వరుసలో హెబ్రీయులకు రాసిన పత్రిక నడుస్తుంది. ఆ తరం విశ్రాంతిలో ఎందుకు ప్రవేశించలేకపోయిందో మూడు, నాలుగు అధ్యాయాల్లో ఉంది. ఈ జోడింపులను మెక్‌షేన్ కావాలని చేశారా, పుస్తకాల వరుసక్రమం వల్ల వాటంతటవే పడ్డాయా అన్నది అటుంచితే, చదివేవాడికి వ్యాఖ్యానం కొనకుండానే వ్యాఖ్యానం దొరికినట్టవుతుంది.

సమయం సంగతి. నాలుగు అధ్యాయాలు మౌనంగా చదవడానికి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, పైకి చదివితే అరగంట దాకా. బైబిలు మొత్తం సగటు అధ్యాయానికి 26 వచనాలు కాబట్టి రోజుకు దాదాపు 115 వచనాలు. ఇది చదవడానికే. ధ్యానానికి, ప్రార్థనకు ఇంకో పది పదిహేను నిమిషాలు విడిగా తీసిపెట్టాలి. చాలామంది అరగంటే ఉందనుకుని ఆ అరగంటా చదువుకే ఖర్చు చేస్తారు, ప్రార్థనకు "ఆమేన్" మాత్రమే మిగులుతుంది. అరగంట మాత్రమే ఉన్నవాళ్లు నాలుగు వరుసలు మొదలుపెట్టకూడదు, రెండు చాలు. నాలుగూ చదివేవాళ్లు కూడా ఒకే కూర్చోడంలో పూర్తిచేయనక్కర్లేదు. మెక్‌షేన్ ఉద్దేశం ప్రకారమే రెండు అందరితో, రెండు ఒంటరిగా. ఉదయం మూడూ నాలుగూ, సాయంత్రం ఒకటీ రెండూ అని విడగొట్టుకుంటే మెదడు మీద బరువు తగ్గుతుంది, పొద్దున చదివినదానికి సాయంత్రం ఇంకో కోణం దొరుకుతుంది.

ఇక అసలు ఇబ్బంది. మనిషికి జ్వరం వస్తుంది, ప్రయాణాలు ఉంటాయి, పరీక్షలు ఉంటాయి. నాలుగు రోజులు తప్పాయనుకోండి. 17, 18 అధ్యాయాల బాకీ పడుతుంది. ఐదో రోజు భాగం కూడా కలిపితే 22. ఒక్క రోజులో తీర్చేయాలని కూర్చుంటే గంటన్నర పైనే పడుతుంది, చివరి పది అధ్యాయాలు కళ్లు మాత్రమే చదువుతాయి. రోజుకు రెట్టింపు చదివి తీరుద్దామంటే నాలుగు రోజుల పాటు ఎనిమిది తొమ్మిది అధ్యాయాలు. మధ్యలో ఇంకో రోజు తప్పితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఈ దశలో ఆగిపోయేవాళ్లకు బైబిలు మీద ఆసక్తి పోయిందని కాదు. కాగితం మీద ఖాళీ గడులు చూసి సిగ్గుపడతారు, సిగ్గుతో కాగితం తెరవడం మానేస్తారు, కాగితంతో పాటు బైబిలు కూడా మూతపడుతుంది. క్రమశిక్షణ కోసం పెట్టుకున్న ఏర్పాటే దాన్ని చంపడం ఇలాగే జరుగుతుంది. తప్పకుండా చేయించే పట్టిక ఎక్కడా లేదు. తప్పిన తర్వాత ఎంత తేలిగ్గా వెనక్కి రానిస్తుందన్నదే మంచి పట్టికకు కొలత, ఆ కొలతలో అచ్చయిన మెక్‌షేన్ క్యాలెండరుకు మార్కులు తక్కువ.

దీనికి మందు పట్టికలోనే ఉంది. బాకీ తీర్చేటప్పుడు రెండో వరుస, నాలుగో వరుస వదిలేయండి. అవి అదే ఏడాదిలో ఇంకో వరుసలో ఎదురవుతాయి. ఫిబ్రవరిలో నాలుగో వరుసలో తప్పిన రోమీయులకు పత్రిక ఆగస్టులో రెండో వరుసలో వస్తుంది. ఏప్రిల్ కీర్తనలు తప్పితే ఆగస్టు నుంచి నాలుగో వరుసలో కీర్తనలు మళ్లీ మొదలవుతాయి. (సంవత్సరం రెండో సగంలో తప్పినవాటిని మొదటి సగంలో ఒకసారి చదివే ఉంటారు కాబట్టి వాటికీ దిగులు లేదు.) కాబట్టి బాకీ అంటే ఒకటీ మూడూ వరుసల్లో తప్పినవే. నాలుగు రోజుల బాకీ 18 నుంచి ఎనిమిదికో తొమ్మిదికో దిగుతుంది. రోజూ మామూలు భాగానికి ఒక్క అధ్యాయం చేర్చుకుంటే వారం పది రోజుల్లో తీరిపోతుంది. ఒకేసారి రెండు అధ్యాయాలకు మించి చేర్చవద్దు.

రెండు వారాలకు మించి తప్పితే ఈ లెక్క కూడా అనవసరం. తేదీ చూడటం మానేసి, ఆగిన చోట నుంచి నాలుగు రిబ్బన్లు పెట్టుకుని సాగిపోవచ్చు. సంవత్సరం పదమూడు నెలలో, పద్నాలుగు నెలలో అవుతుంది. దేవుని సన్నిధిలో డిసెంబరు 31కి ప్రత్యేక విలువేమీ లేదు. సంఘమంతా కలిసి చదువుతున్న చోట మాత్రం ఇలా చేయకండి. అక్కడ ఆ రోజు భాగంలోకి నేరుగా దూకి, తప్పినవాటిని వదిలేయడమే మేలు. అందరూ ఒకే పేజీలో ఉండటం వల్ల కలిగే లాభం ఆ అధ్యాయాల కన్నా పెద్దది. కాపరికి తన మంద ఏ మేతలో ఉందో తెలుస్తుందని మెక్‌షేన్ రాసిన లాభాల్లో ఒకటి సరిగ్గా ఇదే.

ఆయన పట్టికతో పాటు ఒక ఉత్తరం జోడించారు. లాభాలకంటే ముందు ప్రమాదాలు రాయడం ఆ ఉత్తరంలోని నిజాయితీ. నాలుగు చెప్పారు: ఆచారంగా మారిపోవడం, స్వనీతి, శ్రద్ధ లేకుండా చదవడం, మోయలేని కాడి. పట్టిక తయారుచేసినవాడే వాడకందారును ఇంత సూటిగా హెచ్చరించడం ఈనాటి యాప్‌ల ప్రకటనల్లో కనిపించదు. కాడి బరువైతే సంకెళ్లు విదిల్చుకుని స్వేచ్ఛగా మేయమనే ఆయన సలహా. పట్టిక చుట్టూ పుట్టిన కఠినత్వమంతా తర్వాత వాడినవాళ్లది.

ఈ నాలుగింటిలో మూడోది, శ్రద్ధ లేని పఠనం, అన్నిటికన్నా ముందు వస్తుంది. నాలుగు వేర్వేరు పుస్తకాలు ఒకే రోజు చదవడం వల్ల వచ్చే దుష్ఫలితమది. ఎజ్రాలో యెరూషలేము ప్రయాణం, మత్తయిలో కొండమీది ప్రసంగం, ఆదికాండములో జలప్రళయం, అపొస్తలుల కార్యములలో స్తెఫను, అన్నీ ఇరవై నిమిషాల్లో. చదివి లేచిన పది నిమిషాలకు ఏం చదివారో అడిగితే నాలుగింటిలో మూడు గుర్తుండవు. అలా జరగకుండా ఉండాలంటే నాలుగింటికీ ఒకే వేగం పెట్టకూడదు. ఒకటీ మూడూ వరుసల్లోని చరిత్ర భాగాలను కథ కోసం కాస్త వేగంగా చదవవచ్చు. పత్రికలను నెమ్మదిగా చదవాలి. నాలుగూ అయ్యాక ఒకే ఒక్క చోట ఆగండి, నాలుగు చోట్ల వద్దు. పట్టుకున్న వచనాన్ని చేతిరాతతో ఒక నోటుబుక్కులో రాయండి. దాని కింద ఆ వచనంలోని మాటలతోనే ఒక వాక్యం ప్రార్థన. ఆ కింద ఆ రోజు చేయవలసిన ఒక పని, వీలైతే ఒక మనిషి పేరుతో: ఎవరికి క్షమాపణ చెప్పాలి, ఎవరికి తిరిగివ్వాలి. "ఇంకా ప్రేమగా ఉండాలి" లాంటివి రాస్తే మర్నాడు చేశారో లేదో చూసుకోలేరు. ఏ వచనమూ పట్టుకోని రోజులుంటాయి. ఆ రోజు తేదీ వేసి ఖాళీగా వదిలేయండి, బలవంతంగా దైవసందేశం పిండనక్కర్లేదు.

కొన్ని అధ్యాయాలకు చదివే పద్ధతే మార్చాలి. సంఖ్యాకాండము 7 ఏప్రిల్ చివర్లో వస్తుంది, 89 వచనాలు. పన్నెండు గోత్రాల ప్రధానులు పన్నెండు రోజులు ఒకే రకమైన అర్పణ తెస్తారు, ప్రతిసారీ జాబితా మొత్తం పునరావృతమవుతుంది. 12 నుంచి 17 వరకు శ్రద్ధగా చదివి, తర్వాత ప్రధానుల పేర్లూ గోత్రాలూ చూసుకుంటూ 84కి వెళ్లి చివరి దాకా చదివితే ఏమీ పోదు. మొదటి దినవృత్తాంతములు మొదటి తొమ్మిది అధ్యాయాల వంశావళులు నవంబరు మధ్యలో, రోజుకు రెండేసి అధ్యాయాల చొప్పున వస్తాయి. పైకి చదవండి, లేదా ఆడియో పెట్టుకుని పేజీలో వేలు జరపండి. యబ్బేజు ప్రార్థన లాంటివి ఆ పేర్ల మధ్యలోనే దాగి ఉంటాయి, కళ్లతో పరుగెత్తితే దాటిపోతాయి. యోబు స్నేహితుల ప్రసంగాలు ఫిబ్రవరిలో రోజుకో అధ్యాయంగా తునకలవుతాయి. ఎవరు మాట్లాడుతున్నారో మర్చిపోతే ఎలీఫజు మాటను దేవుని మాటగా నోటుబుక్కులోకి ఎక్కించే ప్రమాదముంది. ప్రతి అధ్యాయం పక్కన మాట్లాడేవాడి పేరు పెన్సిలుతో రాసుకుంటే సరిపోతుంది.

రెండో ప్రమాదం, స్వనీతి, గడులు నింపడంలోనే మొదలవుతుంది. వారానికి రెండుసార్లు ఉపవాసమున్నానని దేవాలయంలో చెప్పుకున్న పరిసయ్యుడు అబద్ధమాడలేదు. ఉపవాసంలోనూ తప్పులేదు. ఆ లెక్కను ప్రార్థనలోకి తెచ్చి, పక్కనున్న సుంకరితో పోల్చుకోవడమే తప్పు. టిక్కులు పెట్టే పట్టిక సరిగ్గా ఆ లెక్కనే చేతికిస్తుంది. సంఘ గ్రూపుల్లో రోజూ "పూర్తయింది" అని ఫొటో పెట్టే ఆచారం నాకైతే ఏమాత్రం నచ్చదు. వెనకబడినవాళ్లు అది చూసి మౌనంగా జారుకుంటారు. పెట్టాలనిపిస్తే ఆ రోజు పట్టుకున్న వచనం పెట్టండి, నాలుగు రోజులు వెనకబడినవాడు కూడా దానికి జవాబివ్వగలడు.

కుటుంబ వరుసల గురించి ఒక గట్టి అభ్యంతరం. ఆదికాండము నుంచి దినవృత్తాంతముల దాకా అంతా కుటుంబ వరుసలో పెట్టడం వల్ల చిన్నపిల్లలు కూర్చున్న చోట ఆదికాండము 19, 34, 38, లేవీయకాండము 15, 18, న్యాయాధిపతులు 19, రెండవ సమూయేలు 13 పైకి చదవాల్సి వస్తుంది. పరమగీతమూ యెహెజ్కేలు 16, 23 అధ్యాయాలూ మాత్రం ఏకాంత వరుసలో ఉన్నాయి. పదేళ్లలోపు పిల్లలుంటే మొదటి వరుస భాగాన్ని తల్లిదండ్రులు ముందు రోజే చూసుకోవాలి. పై అధ్యాయాలు వచ్చిన రోజు పిల్లలతో రెండో వరుస భాగం మాత్రమే చదివి, మొదటిది పెద్దలు విడిగా చదువుకోవచ్చు. మిగతా రోజుల్లోనూ చిన్నపిల్లలకు రెండు పూర్తి అధ్యాయాలు ఎక్కువే. పది పదిహేను వచనాలు చదివి ఒక ప్రశ్న అడిగితే చాలు. పిల్లల్ని అడగడానికి తల్లిదండ్రులకు రోజూ ఒక విషయం దొరుకుతుందని మెక్‌షేన్ చెప్పిన లాభం నిజమే, ప్రశ్న అడగడానికి ఓపిక మిగిలినప్పుడు.

ఇంకో లోపం, విశ్రాంతి దినం లేకపోవడం. 365 రోజులకు 365 భాగాలు. ఫిబ్రవరి 29 ఒక్కటే ఖాళీ, అదీ నాలుగేళ్లకోసారి. ఈ విషయంలో నావిగేటర్స్ అనే క్రైస్తవ సంస్థ వారి డిసైపుల్‌షిప్ జర్నల్ పట్టిక మెరుగైనది. అందులోనూ రోజుకు నాలుగు చోట్ల చదవాలి గానీ, నెలకు 25 భాగాలే. మిగిలిన ఐదారు రోజులు తప్పినవాటికి, లేదా ఊరకే ఒక కీర్తన దగ్గర కూర్చోవడానికి. క్రమం తప్పుతుందని ముందే ఊహించి కట్టిన పట్టిక అది. మెక్‌షేన్ వాడేవాళ్లు వారానికి ఆరు రోజులే చదివి ఆదివారం వదిలేస్తే మొత్తం పద్నాలుగు నెలల్లో పూర్తవుతుంది.

అమెరికా ఆచార్యుడు గ్రాంట్ హోర్నర్ రూపొందించిన పఠన పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేక దిశ: పది జాబితాలు, రోజుకు పది అధ్యాయాలు, తేదీలు అసలు లేవు, పది బుక్‌మార్కులు. ఒక్కో జాబితా పొడవు వేరు. సామెతలు 31, అపొస్తలుల కార్యములు 28, ప్రవక్తలు 250. అయిపోయిన జాబితా మళ్లీ మొదలవుతుంది, అందువల్ల ఒకే రోజు కలిసొచ్చే అధ్యాయాలు దాదాపు ఎప్పుడూ ఒకేలా రావు. బైబిలు ముందే బాగా తెలిసినవాళ్లకు అది గొప్ప వ్యాయామం, కొత్తవాళ్లకు సుడిగాలి. అయినా ఒక్క పాఠం అక్కడ నుంచి అప్పు తెచ్చుకోవాలి: బుక్‌మార్కు ఎప్పుడూ వెనకబడదు. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో కీర్తనలను నెలలో 30 రోజులకు, ఉదయం సాయంత్రం పంచిన ఏర్పాటు కూడా ఇలాంటి మేలే చేస్తుంది. ఈ నెల తప్పిన కీర్తన వచ్చే నెల అదే తేదీన ఎదురుచూస్తుంటుంది.

కాగితమా, యాప్‌నా? పట్టికలో ఉండేవి వాక్యభాగాల సూచికలే కాబట్టి ఏ భాష బైబిలుకైనా సరిపోతుంది. యూవెర్షన్ అనే బైబిలు యాప్‌లోనూ ఈ పట్టిక దొరుకుతుంది. యాప్‌లో పెద్ద సౌకర్యం, తప్పిన రోజులను ముందుకు జరిపి ఈ రోజు నుంచే మళ్లీ మొదలుపెట్టుకునే వీలు. కాగితానికి ఆ దయ లేదు. ఆడియో ఉండటం కూడా మొదటి వరుస కథలకు బాగా ఉపయోగం. నష్టాలూ ఉన్నాయి. కొన్ని యాప్‌లు తెరిచినంత మాత్రానే వరుస రోజుల లెక్క పెంచుతాయి. ఆ అంకె నిలబెట్టుకోవడానికి రాత్రి పదకొండున్నరకు తెరిచి మూసే అలవాటుకూ వాక్య ధ్యానానికీ సంబంధం లేదు. ఆ లెక్క కనిపించకుండా ఆపేసే సెట్టింగు ఉంటే ఆపేయండి. చదివే సమయంలో మిగతా నోటిఫికేషన్లు మూసేయకపోతే నాలుగు అధ్యాయాలకు గంట పడుతుంది. ఏకాంత వరుసలకు కాగితపు బైబిలు, ప్రయాణంలో మొదటి వరుసకు ఆడియో, అనుసరించడానికి అతి తేలికైన కలయిక ఇదే.

కథోలిక బైబిలు వాడేవాళ్లకు ఒక సంగతి: తోబీతు, మక్కబీయుల వంటి గ్రంథాలు ఈ పట్టికలో లేవు. కొన్ని ప్రచురణల్లో మలాకీ మూడు అధ్యాయాలకే ముగుస్తుంది. డిసెంబరు 31న నాలుగో అధ్యాయం కనబడకపోతే మూడో అధ్యాయం చివరి వచనాలు చదవాలి.

పట్టిక చేయని పనులు కూడా చూసి కొనాలి (కొనేదేమీ లేదనుకోండి). ఇందులో ప్రార్థన క్రమం లేదు, ఉపవాసం లేదు, పాపపు ఒప్పుకోలు లేదు, ఇచ్చుటకు చోటు లేదు. 1599 అధ్యాయాలు చదివి కూడా నాలుక అదుపులో లేనివాడు ఉండగలడు. శరీరాన్ని నలగగొట్టి లోపరచుకుంటున్నానని పౌలు కొరింథీయులకు రాసినది తిండి, ఆశ, హక్కులు వదులుకోవడం గురించి మాట్లాడుతున్న చోట. చదువు దానికి మేత మాత్రమే. అలాగే కొలొస్సయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం చివరి వచనం, శరీరాన్ని హింసించే స్వకల్పిత భక్తికి శరీరేచ్ఛను అణచే శక్తి లేదంటుంది. పట్టికను గెలవాల్సిన పందెంగా పెట్టుకునేవాళ్లు ఆ వచనం వచ్చిన మార్చి 31న కాసేపు ఆగాలి. గలతీయులకు రాసిన పత్రికలో ఆశానిగ్రహం ఆత్మఫలాల జాబితాలో ఉంది. పండు కాయడానికి కాలం పడుతుంది, పాదుకు నీళ్లు పెట్టడం మాత్రం రోజూ చేయాల్సిందే.

ఎవరికి ఏది? బైబిలు ఒకసారైనా పూర్తిగా చదివినవాళ్లు నాలుగు వరుసలతో మొదలుపెట్టవచ్చు. జనవరి దాకా ఆగనక్కర్లేదు, ఏ రోజైనా జనవరి 1 గడి నుంచి మొదలుపెట్టి బుక్‌మార్కులతో సాగవచ్చు. ఉద్యోగం, చిన్నపిల్లలు ఉన్నవాళ్లకు రెండేళ్ల రూపం సరైనది: మొదటి ఏడాది ఒకటీ రెండూ వరుసలు, రెండో ఏడాది మూడూ నాలుగూ. పై లెక్క చూస్తే అర్థమవుతుంది, ఏడాదికి పాత నిబంధనలో దాదాపు సగం, దానితో పాటు కొత్త నిబంధన, కీర్తనలు ప్రతి ఏడాదీ ఒకసారి పూర్తిగా వస్తాయి. రోజుకు పది నిమిషాల చదువు, ధ్యానానికి కావలసినంత సమయం. నా దృష్టిలో ఈ పట్టిక అసలు అందం ఆ రూపంలోనే ఉంది, అచ్చు వేసేవాళ్లు దాన్ని ముందు పేజీలో ఎందుకు చెప్పరో తెలియదు. ప్రతి చిన్న తప్పుకూ తనను తాను శిక్షించుకునే స్వభావం ఉన్నవాళ్లు గడులు లేని ప్రతి తీసుకోవాలి, లేదా ఉన్న ప్రతిలో టిక్కులు పెట్టకుండా చదవాలి.

కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారికి మాత్రం ఈ పట్టిక వెంటనే ఇవ్వకండి. ముందు మార్కు సువార్త, పదహారు అధ్యాయాలు, పదహారు రోజులు. అది అయ్యాక లూకా, అపొస్తలుల కార్యములు, రోజుకో అధ్యాయం. ఈ రెండు నెలల్లో ఏ సమయం, ఏ చోటు తమకు కుదురుతుందో తేలిపోతుంది. అప్పుడు రెండో వరుస ఒక్కటే చేతికివ్వండి. అది స్థిరపడ్డాక మొదటి వరుస చేరిస్తే సరిపోతుంది.